మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉందా? ఆ పాత కారు కొనేముందు ఇది చదవండి

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లబోతున్నవాళ్ల కోసం రాస్తున్నా. నేను కొన్నది పన్నెండేళ్ల పెట్రోల్ బండి. మూడు వారాలు తిరక్కుండానే ఇంజిన్ హెడ్ (ఇంజిన్ పైభాగం) విప్పించాల్సి వచ్చింది. అమ్మినాయన దాచాడు, నిజమే. కానీ ఆ దాచింది నా అరచేతికి తగిలింది కూడా. నేనే పట్టించుకోలేదు.

ముందే టైం చెప్పి వెళ్లాను. వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంది. "ఇప్పుడే పెట్రోల్ కొట్టించుకొచ్చానండీ" అన్నాడు. సరేలే అనుకున్నా. తాళం తిప్పగానే టక్కున స్టార్టయింది. పొగ లేదు, వణుకు లేదు. ఇంజిన్ అద్దంలా మెరుస్తోంది. కాసేపు నడిపి, ఏసీ చూసి, పాటలు ఎలా వినిపిస్తాయో చూసి (అన్నిటికన్నా శ్రద్ధగా చూసింది ఇదే, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది) బేరం తెంచేశాను.

మర్నాడు పొద్దున అదే బండి దగ్గుతూ లేచింది. ఒక సిలిండర్ (ఇంజిన్‌లో పెట్రోల్ మండే గది) పనిచేయనట్టు వణికింది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ. రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంది. చలికి ఆవిరి వస్తుందిలే అనుకున్నా. అలా రావడం మామూలే, కానీ అది పల్చగా ఉండి తొందరగా మాయమవుతుంది. నాది చిక్కగా ఉంది, కాస్త తియ్యటి వాసన కూడా. అది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కాలుతున్న వాసన.

తర్వాత మెకానిక్ చెప్తే అర్థమైంది. హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ దాని కింది ఇంజిన్‌కీ మధ్య ఉండే సీలు) కొద్దిగా దెబ్బతింటే, బండి ఆపాక లోపల మిగిలిన ఒత్తిడికి కూలెంట్ రాత్రంతా బొట్టు బొట్టుగా సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున మొదటి స్టార్టింగ్‌లో ఆ తడి అంతా పొగై పోతుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా బండి బుద్ధిమంతురాలే. అందుకే చూపించే ముందు ఓ రౌండు తిప్పి పెడతారు.

ఇక నేను చేసిన రెండో తప్పు దీనికన్నా ఖరీదైంది. ఒకరోజు రోడ్డు మీద టెంపరేచర్ సూది సర్రున పైకి లేచింది. టెన్షన్ పడుతూ పక్కకి ఆపుదామనుకునేలోగా అదే కిందికి దిగిపోయింది. హమ్మయ్య, చల్లబడింది అనుకుని అలాగే పోనిచ్చాను. నాలుగు కిలోమీటర్లు కూడా వెళ్లలేదు, పికప్ పడిపోయి బండి ఆగిపోయింది. అసలు జరిగిందేమిటంటే, వేడి కొలిచే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది. కూలెంట్ మొత్తం పోయి సెన్సర్ గాల్లో మిగిలింది, సూది దిగింది. చల్లబడిందని నేను అనుకున్నప్పుడే ఇంజిన్ మాడుతోంది. అల్యూమినియం హెడ్ కదా, వంగిపోయింది. సూది పైకి లేచిన క్షణంలో ఇంజిన్ ఆపి ఉంటే బహుశా గాస్కెట్‌తో పోయేది. ఆపాక కూడా రేడియేటర్ మూత వెంటనే తీయకండి, మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోసినా పగిలే ప్రమాదం ఉంది.

విప్పి చూస్తే రేడియేటర్ గొట్టాల్లో తుప్పు రంగు మడ్డి. దాంతోపాటు లీకులు మూయడానికి పోసే మందు. అంటే ఆయనకి ముందే తెలుసు. ఫోన్ చేస్తే "నా దగ్గరున్నన్నాళ్లూ బాగానే ఉందండీ" అన్నాడు, అంతే.

కాబట్టి మీరు వెళ్లేటప్పుడు ముందురోజే చెప్పండి, బండి స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే వాదన పెట్టుకోకుండా మరోరోజు పొద్దున్నే వస్తానని వచ్చేయండి. చల్లగా ఉంటే కూలెంట్ డబ్బా మూత తీసి రంగు చూడండి, తుప్పు నీళ్లలా ఉంటే వద్దు. ఆయిల్ పోసే మూత అడుగున పాలమీగడలాంటి జిగురు కనిపిస్తే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయేమోనని అనుమానించాల్సిందే. దగ్గర దగ్గర తిరిగే బండికి చలికాలంలో ఊరికే కూడా పడుతుంది, మెకానిక్‌కి చూపించి తేల్చుకోండి. స్టార్ట్ చేసేటప్పుడు ఒకరిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని.

తాళం ఆన్‌లో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు డాష్‌బోర్డు చూడండి. చెక్ ఇంజిన్ లైటు అప్పుడు వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. నా బండిలో అది అసలు వెలగనే లేదు. లైటు లేదంటే సమస్య లేదనుకున్నా! ఎవరో దాని నోరు నొక్కేశారు. మెరిసే ఇంజిన్‌ని చూసి కూడా మురిసిపోకండి, కడిగేస్తే లీకుల మరకలు పోతాయి.

హెడ్ విప్పినప్పుడు మెకానిక్ టైమింగ్ బెల్ట్ (వాల్వుల్నీ పిస్టన్లనీ ఒకే లయలో నడిపే బెల్టు) కూడా చూపించాడు. వెనకవైపు అంతా పగుళ్లు. నాలాంటి ఇంజిన్‌లో అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని వంగిపోతాయట. సర్వీసు చేయించామని అమ్మినాయన చెప్పినమాట అబద్ధం కాకపోవచ్చు, ఆయిల్ మార్చడాన్నీ సర్వీసే అంటారు. బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమని అడగాలి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని ఆ ఖర్చు బేరంలో తగ్గించండి.

బండి ఇప్పుడు నడుస్తోంది. రోజూ పొద్దున స్టార్ట్ చేసి, దిగి వెనక్కి వెళ్లి పొగ చూసుకుని, అప్పుడు ఎక్కుతున్నా.