దువ్వెన, రాయి, వెండి సిరా: తొలి జర్మానిక్ భాషల వెంట వారం రోజులు

ఇంగ్లీషు, జర్మన్, డేనిష్ లాంటి భాషల కుటుంబమే జర్మానిక్. వాటి తొలి రాతలు చూడాలని డెన్మార్క్, స్వీడన్ తిరిగాను. కోపెన్‌హాగన్ నేషనల్ మ్యూజియంలో ఎక్కువమంది గాలెహుస్ బంగారు కొమ్ముల దగ్గరే ఆగుతారు. అక్కడున్నవి నకళ్లు. అసలువి 1802లో ఒక దొంగ ఎత్తుకెళ్లి కరిగించేశాడు. అంతకుముందే బొమ్మలు గీసి ఉంచడం వల్ల, ఒక కొమ్ము మీద క్రీ.శ. 400 ప్రాంతంలో చెక్కిన వాక్యం మనకు మిగిలింది: "ఎక్ హ్లెవగస్తిజ్ హోల్తియజ్ హోర్న తవిదో." కొమ్ము చేసినవాడు 'నేనే చేశాను' అని పేరు చెప్పుకున్నాడు. హోర్నలో ఇంగ్లీషు హార్న్, గస్తిలో గెస్ట్ చెవికి ఇట్టే అందుతాయి.

నేను మాత్రం విమోస అనే చోట దొరికిన దువ్వెన దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. క్రీ.శ. 160 ప్రాంతపు చిన్న కొమ్ము దువ్వెన. దాని మీద జర్మానిక్ జనాల పాత లిపి అయిన రూన్‌లో ఐదే ఐదు అక్షరాలు, 'హర్య' అని. అది మనిషి పేరా, మరో మాటా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. రోజూ తల దువ్వుకునే వస్తువు మీద రాసుకున్నారంటే, ఆ మనుషులు ఒక్కసారిగా దగ్గరైనట్టు అనిపించింది.

స్టేషన్ దగ్గర హాస్టల్‌లో దిగాను. గది శుభ్రమే, కానీ దుప్పటికీ తువ్వాలుకీ వేరే డబ్బులని అక్కడికి వెళ్లాకే చెప్పారు. బుక్ చేసేటప్పుడే అడిగేయండి.

డెన్మార్క్‌లోనే ఉన్న యెల్లింగ్‌కు వెయ్లె ఊరి నుంచి రైలుంది. డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ 10వ శతాబ్దంలో నిలబెట్టిన రూన్ రాయి అక్కడే ఉంది. మన ఫోన్లలోని బ్లూటూత్‌కు ఆయన పేరే పెట్టారు. మ్యూజియంకు టికెట్ లేదు. పూట చాలు.

స్వీడన్‌లోని ఉప్సాలకు మాత్రం రెండు రోజులు ఇవ్వండి. స్టాక్‌హోమ్ నుంచి రైల్లో సుమారు 40 నిమిషాలు. కరోలినా రెడివివా గ్రంథాలయంలో గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలోని వెండి బైబిల్ ఉంది. ఊదారంగు తోలు కాగితాల మీద వెండి సిరాతో రాసింది, 6వ శతాబ్దపు ప్రతి. వుల్ఫిల అనే బిషప్ 4వ శతాబ్దంలో చేసిన అనువాదం అది. గోతిక్ మాట్లాడేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అయినా, సంస్కృతం, గోతిక్ రెండూ ఒకే మూల భాష నుంచి వచ్చినవి కాబట్టి, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న పాదం, దంతం అక్కడ ఫోతుస్, తున్థుస్ అయి కనిపిస్తాయి. 'ప' స్థానంలో 'ఫ', 'ద' స్థానంలో 'త'. ఈ మార్పులు ఒక క్రమంలో జరిగాయని 1822లో జర్మన్ భాషా పండితుడు యాకోబ్ గ్రిమ్ వివరంగా చూపించాడు. పరలోక ప్రార్థన 'అత్త ఉన్సర్' అని మొదలవుతుంది. అక్కడ అత్త అంటే తండ్రి. మన అత్తతో చుట్టరికం ఏమీ లేదు, వినగానే మాత్రం ఒళ్లు పులకరించింది.

మర్నాడు స్టాక్‌హోమ్ రైలు మధ్యాహ్నానికి మార్చుకుని, మళ్లీ వెళ్లి ఆ పేజీ చూసొచ్చాను.