ఉప్పులో ఊరిన పెద్దకూర: స్లో కుక్కరా, సీటీల కుక్కరా, కట్టెల పొయ్యా?

మా అక్క అమెరికా నుంచి వస్తూ స్లో కుక్కర్, అంటే సన్నవేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె, మోసుకొచ్చింది. హన్మకొండలో దిగిన రెండో రోజే "కార్న్‌డ్ బీఫ్ చేస్తా" అని బయల్దేరింది. దుకాణంలో రొమ్ము దగ్గరి మాంసం, కిలోన్నర, కొట్టకుండా ఒకటే గడ్డ కావాలంటే, కొట్టే అన్న కత్తి ఆపి అడిగాడు: "ముక్కలు చెయ్యకుంటే ఎట్ల ఉడుకుతదక్కా?"

అసలు ప్రశ్న అదే.

కార్న్ అంటే ఇక్కడ మక్కలు కావు, దొడ్డుప్పు పలుకులు. మన తునకలకూ దీనికీ ఉప్పే చుట్టరికం. తునకలను ఉప్పు, పసుపు పట్టించి ఎండబెడతాం. దీన్ని మాత్రం ఉప్పునీళ్లలో ముంచి, మిరియాలు, ఆవాలు, ధనియాలు, లవంగాలు, బిర్యానీ ఆకు వేసి ఫ్రిజ్‌లో ఐదారు రోజులు ఊరబెడతారు. అమెరికా షాపుల్లో దొరికేది గులాబీ రంగులో ఉంటుంది. అది సోడియం నైట్రైట్ వల్ల వచ్చే రంగు. కొలత తప్పితే ప్రమాదం కాబట్టి మేము దాని జోలికి పోలేదు. మాకు బూడిద రంగులోనే వచ్చింది, రుచికి లోటు లేదు.

ఇక వంట. మొదటిసారి స్లో కుక్కర్‌కి ప్లగ్గు మార్చి నేరుగా గోడకు పెట్టాం. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వోల్టులు దాదాపు రెట్టింపైతే వేడి నాలుగింతల దాకా పోతుంది. పది నిమిషాలకే కాలిన వాసన. తప్పు మాదే. దాన్ని పీకేసి, మాంసాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు వోల్టులు తగ్గించే కన్వర్టర్ తెచ్చాం. అదృష్టం, కుక్కర్ బతికే ఉంది.

ఈసారి పొద్దున ఎనిమిదింటికి పెట్టాం. అడుగున ఆలుగడ్డ, క్యారెట్, వాటి మీద ఉప్పు కడిగిన మాంసం, కొవ్వు వైపు పైకి. నీళ్లు ముక్క మునిగేంత. ఉప్పు వేయొద్దు, ఊరినదే చాలు. మీట "లో" (తక్కువ వేడి) మీద పెట్టి తొమ్మిది గంటలు. మధ్యలో మూత తీయొద్దని అక్క నా చేతి మీద కొట్టింది. తీసినప్పుడల్లా పోయిన వేడి మళ్లీ రావడానికి అరగంట పడుతుందట. క్యాబేజీ మాత్రం చివరి గంటలో వేసింది.

సాయంత్రం చూస్తే గడ్డ గడ్డలాగే ఉంది, కత్తి మాత్రం వెన్నలో దిగినట్టు దిగింది. అంతసేపు సన్నవేడి మీద ఉంటే కండను పట్టి ఉంచే గట్టి పొర కరిగి బంకగా మారుతుంది. పాయా చారు చల్లారితే గడ్డకట్టేది ఆ బంకే. పావుగంట ఆగి, పీచుకు అడ్డంగా కోస్తే పలకలు పలకలుగా వచ్చాయి. పీచు వెంబడి కోస్తే మాత్రం నమలలేక చస్తాం.

తర్వాతి వారం అదే పని మా అమ్మ కుక్కర్‌లో చేసింది. సీటీ వచ్చాక సిమ్‌లో గంటంబావు. ఆవిరి దానంతటదే దిగేదాకా ఆగాలి. తొందరపడి సీటీ ఎత్తి ఆవిరి వదిలేస్తే ముక్క బిగుసుకుపోతుంది. లోపల వేడి 120 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి మెత్తబడింది, కానీ అంచులు విచ్చిపోయాయి. పలకలుగా కోద్దామంటే పీచులు పీచులుగా రాలింది. అన్నంలో కలుపుకుంటే మాత్రం ఇదే బాగుందని నాన్న రెండుసార్లు వేయించుకున్నాడు.

కట్టెల పొయ్యి మీద చిన్నమ్మ ఊళ్లో చేశాం, మందపాటి గిన్నెలో, మూత మీద బరువు పెట్టి, నాలుగు గంటలు. రుచి చెప్పక్కర్లేదు. కానీ మంట తగ్గకుండా, మరుగు పెరగకుండా ఒక మనిషి అక్కడే కూర్చోవాలి. ఆ మనిషి మా చిన్నమ్మ.

నా మాట అడిగితే, మామూలు పెద్దకూరకు స్లో కుక్కర్ దండగ, సీటీల కుక్కరే మేలు. గడ్డను పలకలుగా కోసుకోవాలనుకుంటేనే స్లో కుక్కర్ విలువ. కొనాలంటే మన 230 వోల్టులది కొనండి. రోజంతా కరెంటు ఉండే రోజు చూసుకోండి. మధ్యలో పోయి, మనం ఇంట్లో లేక, అది ఎంతసేపు పోయిందో తెలియకపోతే, ఆ మాంసం పారేయడమే. ఇంకోటి, రాజ్మా పచ్చిగా స్లో కుక్కర్‌లో వేయొద్దు. ముందు పొయ్యి మీద పది నిమిషాలు బాగా మరిగించాలి, లేకపోతే కడుపు చెడుతుంది.

మిగిలిన పలకలను మర్నాడు అక్క ఆవాల ముద్దతో బ్రెడ్డులో పెట్టుకుంది. అమ్మ వాటినే చిదిమి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి పెనం మీద వేయించి జొన్నరొట్టెతో పెట్టింది. అక్క తన బ్రెడ్డు పక్కన పెట్టి రొట్టె అడిగింది.