అమ్రాబాద్‌లో కెమెరా కన్ను, చెంచుల కన్ను
నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో జంతువుల జాడ తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. బాటకు అటూ ఇటూ మోకాలెత్తున కట్టిన కెమెరాలు పులి రెండు పక్కలనూ చిత్రిస్తాయి. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు కనుక, నాలుగేళ్లకోసారి జరిగే జాతీయ పులుల లెక్కింపులో కెమెరాలకు సాటి లేదు. అయితే కెమెరా తన ముందుకు వచ్చినదాన్నే చూస్తుంది. తేనె కోసం, గడ్డల కోసం అడవంతా తిరిగే చెంచు మనిషి అడుగుజాడ అంచున మట్టి రాలిన తీరును బట్టి అది రాత్రిదో, తెల్లవారుజామునదో పోల్చుకోగలడు. సంఖ్య కావాలంటే కెమెరానే నమ్ముతాను. ఏ నీటిగుంట ఎప్పుడు ఎండుతుందో తెలియాలంటే చెంచులనే అడుగుతాను. న్యూజిలాండ్‌లో తీతీ అనే సముద్రపక్షిపై ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి మూలవాసులైన మావోరీలు రాసుకున్న వేట డైరీలను కూడా ఆధారంగా తీసుకున్నారు. చెంచుల ఎరుక మాత్రం ఎక్కువగా నోటి మాటగానే ఉంది.