తుపాను నెలల్లో నెల్లూరు తీరం వెంట ఎంటీబీ (మౌంటెన్ బైకు): ఏ దారి తొక్కాలి, ఎక్కడ దిగాలి

నెల్లూరు జిల్లాకు అసలు వానాకాలం అక్టోబరులో మొదలవుతుంది. ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైగా డిసెంబరు లోపే, ఈశాన్య రుతుపవనాల్లో పడుతుంది. మే నెలలో చక్రం దిగబడే సముద్రపు ఇసుక ఈ నెలల్లో బిగుసుకుంటుంది. ఎండ తగ్గుతుంది, సరుగుడు తోటల్లో బాటలు చల్లగా ఉంటాయి. మౌంటెన్ బైకుకు మన తీరం బాగుండేది అప్పుడే. కాకపోతే ఆ వానకే కాలువ కట్టలు జారతాయి, చవుటి పర్రలు ఊబి అవుతాయి, కాస్తున్న ఎండ అరగంటలో కుండపోతగా మారుతుంది. రోజుకు ఇన్ని కిలోమీటర్లని ఇంట్లో రాసుకున్న లెక్క ఇక్కడ నిలవదు. చక్రం కింద ఏ నేల ఉందో దాన్ని బట్టి దారి, ఆ దారిని బట్టి బస.

అన్నిటికన్నా మోసం చేసేది చవుడు. ఇసకపల్లి ఉప్పుకొటార్ల చుట్టూ, ఉప్పుటేళ్ల వెంబడి పైకి తెల్లగా, పొడిగా పెచ్చుకట్టి కనిపిస్తుంది. ఆ పెచ్చు కింద బురదే. అది పగిలిన చోట ముందు చక్రం ఉన్నపళాన ఆగిపోతుంది, తొక్కేవాడు హ్యాండిలు మీదుగా పడతాడు. వాన నీటికి ఉప్పు కడుక్కుపోయినా మట్టిని పట్టుకున్న సోడియం అంత తేలిగ్గా పోదు. అది బంకమట్టి రేణువులను విడదీస్తుంది, విడిపోయిన రేణువులు సందులన్నీ మూసేస్తాయి, నీరు ఇంకే దారి ఉండదు. అందుకే పక్క ఇసుక ఆరిపోయి చాలాసేపైనా చవుడు మాత్రం జారుతూనే ఉంటుంది. కొత్త చోట దిగి పది అడుగులు నడవండి, మడమతో గట్టిగా తొక్కి చూడండి. బర్రెలు నడిచిన జాడ ఉంటే ఇంకా సులువు. గిట్టలు అంగుళం, రెండంగుళాలు దిగితే తొక్కొచ్చు. గిట్ట గుంటలో నీళ్లు ఊరి ఉంటే ఆ దారి వదిలేయండి. పొడి పెచ్చు మీద టైర్ల జాడ ఉందని నమ్మొద్దు, అవి ఎండాకాలంలో వెళ్లిన ట్రాక్టరువి కావచ్చు.

ఒంగోలు వైపు పొలాల్లో నల్లరేగడిది వేరే తరహా. అది జారడం కన్నా అంటుకోవడం ఎక్కువ. తడికి ఉబ్బే మట్టి, మొదట టైరుకు పొర కడుతుంది, ఆ పొరకు గడ్డి, దాని మీద మళ్లీ మట్టి. ఇరవై ముప్పై గజాల్లో ముందు ఫోర్కు కిందా, వెనక చక్రాన్ని పట్టే గొట్టాల (చైన్‌స్టేల) మధ్యా చక్రం బిగిసిపోతుంది. అలా బిగిశాక బలం పెట్టి పెడలు తొక్కడమే పెద్ద తప్పు: గడ్డీ మట్టీ ఇరుక్కున్న వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) స్పోకుల్లోకి లాక్కుపోయి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. దిగి, గోకి, ఎత్తుకుని నడవడమే మార్గం. వాన ఆగాక రెండు మూడు రోజులు మంచి ఎండ కాస్తే గానీ రేగడి డొంకలోకి సైకిలు దింపకండి. ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లాలంటే తారురోడ్డు మీదే తీరం దాకా వెళ్లి, అక్కడ ఇసుకలోకి దిగడం మేలు. పొలాలకు అడ్డంపడి దగ్గర దారి వెతకొద్దు.

ఇక దారులు. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు సుమారు 25 కిలోమీటర్లు, అంతా చదును, తారురోడ్డే. ఆదివారం సాయంత్రం కార్ల రద్దీ ఉంటుంది, తెల్లవారుజామున బయల్దేరితే ఖాళీ. సముద్రానికి కాస్త ముందు బకింగ్‌హాం కాలువ తగులుతుంది. తీరం వెంట సాగే ఈ కాలువకు ఆ పేరు మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు వల్ల వచ్చింది. 1876-78 కరువులో ఆయన హయాంలోనే మద్రాసు ఊళ్లో కొంత భాగం తవ్వించారు. పడవలను గట్టు మీద నుంచి మనుషులు తాళ్లతో లాగిన కాలం కనుక కట్ట వెంట బాట ఉండేది. ఇప్పుడది ముక్కలు ముక్కలైంది. కొన్ని చోట్ల బాగా నలిగిన బండిబాట, కొన్ని చోట్ల చిల్లకంప కమ్మేసింది, ఇంకొన్ని చోట్ల గండి. కాలువలోంచి తీసిన బంకమట్టే కట్ట మీద పోశారు కనుక చిన్న జల్లుకే జారుతుంది. ఒక పక్క కాలువ, ఒక పక్క గుంట ఉన్న సన్న కట్ట మీద వానలో తొక్కడం ధైర్యం అనిపించుకోదు, దిగి నడిపించండి. సరుగుడు తోటల్లో ఇసుక బాటే ఈ ప్రాంతంలో అన్నిటికన్నా నమ్మకమైనది. వాన ఆగిన గంటకే నీరు ఇంకిపోతుంది, రాలిన సరుగుడు ఆకు పరుపులా చక్రాన్ని మోస్తుంది. తోట యజమానిని అడిగి వెళ్లాలి, అంతే.

మైపాడు నుంచి ఉత్తరాన రామతీర్థం మ్యాపులో కూతవేటు దూరంలా కనిపిస్తుంది. మధ్యలో పెన్న సముద్రంలో కలుస్తుంది, సైకిలుకు దాటే దారి లేదు. పైన సోమశిల జలాశయం గేట్లు ఎత్తిన రోజుల్లో ఆ చుట్టుపక్కలకు పోనేకూడదు. నెల్లూరు వెనక్కి వచ్చి, పెన్న వంతెన దాటి, కోవూరు, విడవలూరు మీదుగానే రామతీర్థం చేరాలి. అందుకే ఈ రెంటినీ ఒకే రోజుకు పెట్టుకోకండి. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలంటే సైకిలు కోసం వచ్చినవాళ్లకు రామతీర్థం వైపు మంచిది, జనం తక్కువ, ఇసుక బాటలు ఎక్కువ. కుటుంబం కూడా వెంట ఉంటే మైపాడు.

అల్లూరు మండలంలోని ఇసకపల్లి చూడటానికి చాలా బాగుంటుంది: ఉప్పుకొటార్లు, ఉప్పుటేరు, నీటిపక్షులు. తొక్కడానికి మాత్రం గట్టి నేల ఉన్న రోజే. ఇక్కడి నుంచి కావలి వైపు దారి పొడవునా రొయ్యల గుంటలు తగులుతాయి. గుంటల గట్లు ప్రైవేటువి, కాపలాదారుని అడక్కుండా ఎక్కొద్దు. పక్షులు దిగకుండా గట్ల మీదుగా కట్టిన సన్న తీగలు సరిగ్గా మెడ ఎత్తులో ఉంటాయి, మబ్బు వెలుగులో కనపడవు. గుంట నీటికి గాలి ఎక్కించే ఏరేటర్ల కరెంటు తీగలు తడి నేల మీదే పరిచి ఉంటాయి, వాటి మీదుగా చక్రం పోనివ్వకండి. ఒక గుంట బురద ఇంకో గుంటకు చేరితే రోగం పాకుతుందని రైతులు భయపడతారు. ఆ భయం న్యాయమైనది. వాళ్లు వద్దంటే వాదించకుండా రోడ్డెక్కండి. వరికయ్యల గెనాల సంగతీ అంతే. నార్లు పోసే, నాట్లు వేసే కాలం అది. తడి గెనెం మీద చక్రం చేసిన గాడిలోంచే నీళ్లు తెగిపోతాయి. తుమ్మలపెంట కావలికి దగ్గర, పొద్దున వెళ్లి టిఫిను వేళకు తిరిగి రావచ్చు.

సముద్రం ఒడ్డున తొక్కేటప్పుడు అల తడిపి వెళ్లిన గట్టి పట్టీ మీదే ఉండండి, పాటు సమయం చూసుకోండి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ ముందుకొస్తుంది, ఆ పట్టీ మిగలదు. ఏ వేళకు ఎంతవరకు వస్తుందో మత్స్యకారులుండే పట్టపుపాలెంలో ఎవరినడిగినా చెబుతారు. జనవరి దాటాక తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు, చీకటి పడ్డాక ఒడ్డు మీద సైకిలు వద్దు.

గాలిని లెక్కలో వేసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. నవంబరు, డిసెంబరుల్లో మామూలు రోజున గాలి ఈశాన్యం నుంచి. కనుక కావలిలో మొదలుపెట్టి నెల్లూరు వైపు దిగడం సుఖం. వెళ్లి వచ్చే ప్రయాణమైతే పొద్దున ఉత్తరానికి తొక్కి, అలసిన వేళ గాలి వెన్ను తట్టేలా చూసుకోండి. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే ఈ లెక్క తారుమారవుతుంది. వాతావరణ శాఖ పసుపు హెచ్చరిక అంటే ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటే భారీ వానకు సూచన, నారింజ అంటే 115.6 పైన. పసుపు రోజున తారురోడ్డు దాటి కిలోమీటరుకు మించి లోపలికి పోకండి. నారింజ రోజున, కృష్ణపట్నం ఓడరేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగిరిన రోజున, సైకిలు లాడ్జిలోనే ఉంచండి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ తెగాయి. గట్టి వాన సూచన ఉన్నప్పుడు ఇల్లు పెన్నకు ఏ ఒడ్డునుందో ఆ ఒడ్డునే ఉండటం తెలివైన పని. అక్టోబరు మధ్యాహ్నాల్లో పిడుగులు పడతాయి. కట్ట మీద చుట్టుపక్కల ఎత్తయినది మీరే. ఉరుము వినగానే కట్ట దిగి పక్కా కప్పు కిందికి చేరండి, ఒంటి తాటిచెట్టు కిందికి పోకండి.

సైకిలు విషయానికొస్తే, టైరుకు ఫోర్కుకు మధ్య రెండు పక్కలా కనీసం 8 మిల్లీమీటర్ల సందు ఉండాలి. 2.4 అంగుళాల టైరు ఇసుకకు హాయి, కానీ మీ ఫ్రేములో సందు చాలకపోతే 2.2 వేసుకోవడమే మంచిది. గుబ్బలు ఎత్తుగా, ఎడంగా ఉన్నవి బురదను విదిలిస్తాయి. 70 కిలోల మనిషికి ట్యూబ్‌లెస్‌లో ముందు 20, వెనక 23 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది, ట్యూబు ఉంటే 26 నుంచి 30. మెత్తని ఇసుకలో ట్యూబ్‌లెస్‌ను 17 దాకా దించి, రోడ్డెక్కగానే మళ్లీ నింపండి. చిల్లకంప ముల్లు మామూలు టైరులోకి సులువుగా దిగుతుంది, కనుక ఈ తీరానికి ట్యూబ్‌లెస్ ఖర్చు దండగ కాదు. చక్రానికి 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లులు మూసే ద్రవం) పోయండి. మన వేడికి రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది, బయల్దేరే ముందు చూసుకోండి. ముల్లు లాగాక ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆపితే మూసుకుంటుంది.

రిమ్‌ను పట్టే బ్రేకులతో ఈ బురదలోకి రావొద్దు, మట్టంతా అక్కడే పేరుకుంటుంది. డిస్కు బ్రేకుకు రెజిన్ ప్యాడ్లు ఇసుక నీళ్లలో చకచకా అరుగుతాయి, లోహపు పొడితో చేసిన సింటర్డ్ మెటల్ ప్యాడ్లు వేయించండి. ప్యాడు మందం అర మిల్లీమీటరుకు వస్తే మార్చాల్సిందే. చైనుకు వెట్ ల్యూబ్, అంటే తడికి తేలిగ్గా కడుక్కుపోని నూనె. సంచిలో మీ ఫ్రేముకు సరిపడే హ్యాంగర్, తెగిన చైనును కలపడానికి మీ చైను స్పీడుకు (వెనక గేర్ల సంఖ్యకు) తగ్గ రెండు క్విక్ లింకులు, చైన్ టూలు, ఒక ట్యూబు, టైరు చిల్లులు పూడ్చే ప్లగ్గులు, పంపు. ఇవి ఏ పల్లెలోనూ దొరకవు. పల్లె పంచరు షాపులో ప్యాచీ వేస్తారు, గాలి కొడతారు, వంగినది సరిచేస్తారు. సన్న ప్రెస్టా వాల్వు అయితే వాళ్ల పంపు పట్టదు, ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంచండి. నీళ్ల సీసా మూతికి తొడుగు ఉండాలి, కయ్యల బురదలో పేడ, ఎలుకల మూత్రం కలిసే ఉంటాయి. కాలికి గీత పడితే అక్కడే మంచినీళ్లతో కడిగి కట్టు కట్టండి. తర్వాత జ్వరం, పిక్కల నొప్పి వస్తే బురదలో తిరిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, ఎలుక జ్వరం కావచ్చు.

బస ఎక్కడ అన్న ప్రశ్నకు సముద్రం ఒడ్డు గది ముందు గుర్తొస్తుంది. మైపాడులో పర్యాటక శాఖ విడిది ఉంది, తీరం చూడటానికి వచ్చినవాళ్లకు అది సౌకర్యం. సైకిలు యాత్రకు మాత్రం నెల్లూరు, కావలి, ఒంగోలు ఊళ్లలో దిగమనే మా సలహా. కారణం నీళ్లు. తీరం ఊళ్లలో బోరు నీళ్లు తరచు ఉప్పగా ఉంటాయి. ఉప్పు బురదను ఉప్పు నీటితో కడిగితే తెల్లారేసరికి చైను ఎర్రబడుతుంది. లాడ్జి తీసుకునేటప్పుడు ఏసీ కన్నా ముందు అడగాల్సినవి మూడు: కింది అంతస్తులో సైకిలు లోపల పెట్టనిస్తారా, పెరట్లో మంచినీళ్ల కొళాయి ఉందా, బట్టలు ఆరేయడానికి ఫ్యాను తిరిగే చోటు ఉందా. కావలిలో రైల్వే స్టేషన్, బస్టాండు చుట్టూ ఉన్న మామూలు లాడ్జీలు ఈ పనికి చాలు, పైగా తుమ్మలపెంట, ఇసకపల్లి రెండూ అక్కడికి అందుబాటు. నెల్లూరులో గదులకూ తిండికీ ఎంపిక ఎక్కువ. గేర్ల సైకిళ్లు బాగుచేసే షాపులకైనా నెల్లూరు, ఒంగోలే దిక్కు. పొద్దున్నే కారం దోశ తిని బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు. తీరంలో టీకొట్లు ఉంటాయి గానీ వాన రోజున తెరుస్తారన్న భరోసా లేదు, వేరుశనగ చిక్కీలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోండి.

రహదారి పక్క వాటర్ సర్వీసు షాపుల్లో సైకిలు కడిగించుకోవచ్చు, కానీ ఆ పైపు జోరు హబ్బుల్లోకి, పెడల్ ఇరుసులోకి, హ్యాండిలు తిరిగే హెడ్‌సెట్‌లోకి నీళ్లను తోసి గ్రీజు తీసేస్తుంది. ఫ్రేముకు, టైర్లకు మాత్రమే దూరం నుంచి కొట్టమనండి, మిగతాది బకెట్టూ బ్రష్షూ. చైను తుడిచి, ఆరబెట్టి, ఆ రాత్రే నూనె వేయండి. దారిలో సైకిలు మొరాయిస్తే ట్రాలీ ఆటోనే ఆధారం. పొద్దున బయల్దేరేటప్పుడే ఒక డ్రైవరు నంబరు తీసుకుని, తారురోడ్డు దాకా ఎక్కడికి రావాలో మాట్లాడుకోండి. దెబ్బ తగిలితే 108.

తీరమంతా నీళ్లలో ఉంటే యాత్ర మానుకోనక్కర్లేదు, పడమరకు తిరగండి. ఉదయగిరి చుట్టూ నేల ఎర్రది, రాళ్లది, వాన ఆగిన కొద్ది గంటలకే తొక్కొచ్చు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఇది. కొండ మీదికి మెట్ల దారి సైకిలుది కాదు, తడి రాయి మీద నడకే జాగ్రత్త. కింద చుట్టూ ఉన్న బాటలు చాలు. అడవిలోకి పోవాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి, పెంచలకోన వైపు కూడా అంతే. ఇక్కడ టైర్లకు మరో మూడు పీఎస్‌ఐ పెంచండి, రాళ్లకు రిమ్ము తగలకుండా. ఉదయగిరి చెక్క గరిటెలకు పేరున్న ఊరు. వెడల్పాటి చెక్క గరిటె ఒకటి కొనుక్కుంటే, ఫోర్కు సందుల్లో బురద గోకడానికి ఇనుప పుల్ల కన్నా మేలు, రంగు గీరుకుపోదు.