ఒక్క ఆట, మూడు ఆదివారాలు: పెరంబూరులో చదరంగం తరగతి

చెన్నైలోని పెరంబూరు రైలు కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాక చదరంగం టోర్నమెంట్లు ఆడడం మొదలుపెట్టాను. ఓపెనింగ్‌లో, అంటే ఆట ఆరంభంలో, పన్నెండు ఎత్తుల దాకా బట్టీ పట్టి వెళ్లేవాణ్ని. ఎదుటి పిల్లవాడు ఆరో ఎత్తుకే దారి మార్చేవాడు. ఆపైన ఏం చేయాలో తోచేది కాదు. అందుకే మా వీధి చివర మేడమీద నడిచే ఈ ఆదివారం తరగతిలో చేరాను.

పాఠం చెప్పే అమ్మాయికి నా కూతురి వయసు ఉంటుంది. నా కాగితాలన్నీ పక్కన పెట్టించి, ఒకే ఆటను మూడు వారాలు చెప్పింది. 2013 నవంబరు 21న ఈ ఊళ్లోనే, హయత్ రీజెన్సీ హోటల్లో మన విశ్వనాథన్ ఆనంద్, నార్వే ఆటగాడు కార్ల్‌సన్ ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్ తొమ్మిదో ఆట అది. అప్పటికి 3-5తో వెనకబడ్డ ఆనంద్ గెలిచి తీరాలి. నిమ్జో-ఇండియన్ అనే ఓపెనింగ్‌లో, తెల్లపావులతో ఆడుతూ, నాలుగో ఎత్తుగా బంటును ఎఫ్3 గడికి జరిపాడు.

మొదటి వారమంతా ఆ బంటు గురించే. ఈ4 గడికి రాబోయే బంటుకు అది ఆసరా. కానీ గుర్రం నిలవాల్సిన గడిని అదే ఆక్రమించుకుంది. దాంతో గుర్రం ఈ2 మీదుగా జీ3కి చేరింది. "ఈ గుర్రాన్ని మరచిపోకండి సార్" అన్నది.

ఎందుకన్నదో మూడో వారం తెలిసింది. కార్ల్‌సన్ బంటు బీ1 చేరి మంత్రి అయి చెక్ చెప్పింది. 28వ ఎత్తుగా ఆనంద్ ఆ గుర్రాన్నే ఎఫ్1లో అడ్డుపెట్టాడు. ఆమె జీ3 నుంచి గుర్రాన్ని ఎత్తి, ఈ1 నుంచి హెచ్4 దాకా ఐమూలగా వేలితో గీత గీసింది. దారంతా ఖాళీ! ఏనుగు హెచ్4కి వస్తే మాట్ చేయవచ్చని ఆనంద్ ఆశ. కొత్త మంత్రి ఈ1కి రాగానే ఆ గడి దాని గురిలోకి వచ్చింది. ఆనంద్ అక్కడే ఓటమి ఒప్పుకున్నాడు. శకటును అడ్డుపెట్టి ఉంటే గుర్రం కదిలేది కాదు, ఆ దారి తెరుచుకునేది కాదు. అప్పుడు కూడా కార్ల్‌సన్ నల్లపావులు ఎలా నిలదొక్కుకుంటాయో ఓపికగా ఆడి చూపించింది.

గది మాత్రం ఇరుకు. పదిమంది పట్టే చోట పదహారుమందిమి, ఫ్యాను ఒకటే. పాఠం తమిళంలోనే సాగుతుంది కనుక చెన్నైకి కొత్తగా వచ్చిన మన పిల్లలకు మొదటి నెల కష్టమే. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది గడియారం పెట్టి ఆడించకపోవడం. టోర్నమెంటులో ఓపెనింగ్ అర్థమైతే సరిపోదు, ఆలోచించడానికి టైము మిగలాలి. నెలకు 1,500 రూపాయలు తీసుకుంటున్నారు, రెండు గడియారాలైనా కొనాలి. ఆ మాట ఆమెతోనే చెప్పాను. వచ్చే నెల కారో-కాన్ అనే మరో ఓపెనింగ్ మొదలుపెడుతుందట, ఫీజు కట్టేశాను.