హ్యాంప్‌షైర్‌లో ది వైన్: ఒక ఇటుక ఇల్లు, ఎన్నో మార్పులు

లండన్ నుంచి ఒక్కరోజులో ఏదైనా పాత ఇల్లు చూసి రావాలంటే నేను ది వైన్ పేరే చెబుతాను. రాజభవనాల దగ్గరుండే తోపులాట ఉండదు, తీరిగ్గా గోడలు చూడొచ్చు.

లండన్‌లోని వాటర్లూ స్టేషన్ నుంచి బేసింగ్‌స్టోక్‌ ఊరికి ఫాస్ట్ ట్రైన్‌లో గంట లోపే. అక్కడి నుంచి ట్యాక్సీలో కాసేపు. తిరుగు ట్యాక్సీ మాత్రం ముందే మాట్లాడుకోండి. మేం పిలిచినది ఎంతకీ రాక, రైలు దొరుకుతుందో లేదోనని టెన్షన్ పడ్డాం.

దిగగానే లోపలికి వెళ్లిపోకుండా ముందు ఇంటి చుట్టూ తిరగండి. 16వ శతాబ్దం మొదట్లో, ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కొలువులోని విలియం శాండిస్ కట్టించాడు దీన్ని. ఎర్ర ఇటుకల మధ్య, బట్టీలో బాగా కాలి నల్లబడిన ఇటుకలతో డైమండ్ ఆకారాలు తీర్చారు. రంగు పూత కాదు, అంతా పేర్పులోనే ఉంది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

1653లో చాలోనర్ చూట్ అనే లాయరు దీన్ని కొని, చాలా భాగం కూలగొట్టించాడు. మిగిలినదానికి ఉత్తరం వైపు, చెరువుకి ఎదురుగా, ఆర్కిటెక్ట్ జాన్ వెబ్ చేత పెద్ద స్తంభాల పోర్టికో పెట్టించాడు. ఇంగ్లండ్‌లో పల్లె బంగళాకి ఇలాంటి పోర్టికో ఇదే మొదటిదంటారు. స్తంభాలు రాతివేమో అనిపిస్తాయి కానీ లోపల ఇటుకే, పైన గార. వెనకున్న ఎర్ర గోడకీ వీటికీ అసలు పొత్తు కుదరదు. నాకు నచ్చింది సరిగ్గా అదే. కొత్తది తెచ్చి పెట్టారే గానీ పాత గోడని కప్పేయలేదు.

లోపల 18వ శతాబ్దంలో అదే చూట్ వంశానికి చెందిన జాన్ చూట్ గీసిన మెట్ల హాలు చాలా అందంగా ఉంటుంది. అయినా నా ఓటు పైనున్న ఓక్ గ్యాలరీకే. గోడల నిండా, మడతలు పెట్టిన బట్టలా చెక్కిన ట్యూడర్ (హెన్రీ రాజవంశం) కాలపు చెక్క పలకలు. వాటిల్లో హెన్రీ మొదటి భార్య క్యాథరీన్ రాణి గుర్తయిన దానిమ్మ కాయని వెతికి చూడండి. ఇంట్లోని చాపెల్‌లో (ప్రార్థన మందిరంలో) ఉన్న రంగు అద్దాల కిటికీలూ ఆ కాలానివే.

1956 నుంచి ఇల్లు, పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. గదుల్లో ఉండే వాలంటీర్లు అడిగితే ఎంతో ఓపిగ్గా చెబుతారు. ట్రస్ట్ మెంబర్‌షిప్ ఉంటే టికెట్ అక్కర్లేదు. ఇల్లు తెరిచే వేళలు సీజన్‌ని బట్టి మారతాయి, చూసుకుని బయల్దేరండి. రాత్రి ఉండాల్సిన పని లేదు. ఉండాలనుకుంటే బేసింగ్‌స్టోక్ స్టేషన్ దగ్గర గది తీసుకోవడం మేలు, పొద్దున్నే తలుపులు తీసే వేళకి చేరిపోవచ్చు.