బద్రీనాథ్ దారి: రాత్రి బస ఎక్కడ చేస్తే మంచిది?

రిషికేశ్ నుంచి బద్రీనాథ్‌కి దాదాపు 300 కిలోమీటర్లు. ఒక్క రోజులో చేరిపోవచ్చని టూర్ ఏజెంట్లు చెబుతుంటారు. ఆ మాట నమ్మి తిరుగు రైలుకి ఒక్క పూట కూడా వెసులుబాటు లేకుండా టికెట్లు చేయించుకున్నవాళ్ల అవస్థ దారిపొడవునా చూశాం. చరియ విరిగిపడితే రోడ్డు గంటలో తెరుచుకోవచ్చు, మర్నాటిదాకా తెరుచుకోకపోవచ్చు.

మేం సెప్టెంబరు చివర్లో వెళ్లాం. వానలు వెనకబట్టాయి కదా అనుకుంటాం గానీ, కొండ లోపలికి ఇంకిన నీరు అంత త్వరగా దిగిపోదు. మట్టి రేణువుల మధ్య చేరిన ఆ నీరు వాటిని ఎడంగా నెడుతుంది. రేణువుల మధ్య పట్టు సడలిందంటే అన్నాళ్లూ నిలిచిన వాలు కూడా జారుతుంది. అందుకే ఎండ కాస్తున్న రోజున కూడా రాళ్లు పడతాయి.

శ్రీనగర్ (కశ్మీర్‌ది కాదు, గఢ్‌వాల్‌ది) దాటాక సిరోబగడ్ వస్తుంది. దశాబ్దాలుగా కదులుతూనే ఉన్న చరియ ఇది. కింద అలకనంద కొండ పాదాన్ని కోస్తుంటుంది, మధ్యలో రోడ్డు కోసం మనుషులు కోశారు, పైన నలిగి పొడైన రాయి. అక్కడికి రాగానే మా డ్రైవర్ పాటలు ఆపేసి అద్దాలు దించాడు. పెద్ద రాయి కదిలే ముందు చిన్న గులకరాళ్లు టపటపా రాలతాయట, ఆ చప్పుడు వినపడాలని. రోడ్డు మీద తారు చితికిన తెల్లటి మచ్చలు తాజాగా ఉన్నాయి. ఫొటోకి ఆపమని వెనక సీటువాళ్లు అడిగితే, "ఇక్కడ మాత్రం వద్దు సార్" అని ముందుకు పోనిచ్చాడు. మైదానాల నుంచి వచ్చే డ్రైవర్ కన్నా ఆ కొండల్లో పుట్టిపెరిగినవాడికి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

బస విషయంలో నా ఓటు శ్రీనగర్‌కే. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, పగలు ఉక్కపోత. కానీ లోయ వెడల్పుగా ఉంటుంది, కొండలు దూరంగా ఉంటాయి. అలాగని ఆ ఊరికి కొండచరియ దెబ్బ తెలియదని కాదు. 1893లో ఎగువన గోహ్నా దగ్గర కొండ విరిగి, అలకనందలో కలిసే బిరహీ గంగ నదికి అడ్డంగా పడింది, వెనక పెద్ద సరస్సు నిలిచింది. కట్ట ఎప్పుడోకప్పుడు తెగుతుందని ఇంజనీర్లు ముందే పసిగట్టి, దిగువకు టెలిగ్రాఫ్ తీగ వేయించి, జనాన్ని ఖాళీ చేయించారు. 1894 ఆగస్టులో కట్ట తెగి పాత శ్రీనగర్ కొట్టుకుపోయింది, ప్రాణనష్టం మాత్రం నామమాత్రమే.

ఎగువన పీపల్‌కోటి నచ్చింది. చిన్న ఊరు, రాత్రి చల్లగా ఉంటుంది, ఉదయాన్నే బయల్దేరడానికి వీలు.

దారిలో ఒక లాడ్జి మాత్రం వదిలేశాం. ఫొటోల్లో బాల్కనీ, ఎదురుగా మంచుకొండ. లాడ్జి వెనక్కి వెళ్లి చూస్తే గదికి రెండడుగుల దూరంలో కొండ మట్టిని ఆపే రాతి గోడ, నడిమికి పొట్ట వచ్చి ఉంది. లోపలి నీరు బయటికి పోవడానికి గోడలో వదిలిన రంధ్రాల్ని ఎవరో సిమెంటుతో మూసేశారు, చెమ్మ రావడం బాగాలేదని కాబోలు! గోడ పైనున్న చెట్ల మొదళ్లన్నీ వంగి, మళ్లీ నిలువుగా లేచాయి. నేల కొద్దికొద్దిగా దిగజారుతున్న చోట చెట్లు తరచూ అలాగే పెరుగుతాయి. అడ్వాన్సు తిరిగివ్వలేదు. పోతే పోనీ అనుకున్నాం.

జోషీమఠ్‌లో నరసింహస్వామి దర్శనం పగలు చేసుకున్నాం, రాత్రి ఉండలేదు. ఆ ఊరు పాత చరియ శిథిలాల మీదే ఉంది. ఆ వాలు పాదం దగ్గర బండరాళ్లు తవ్వొద్దని, పేల్చొద్దని ఊరు కుంగడంపై ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. 2023 జనవరిలో ఇళ్లు బీటలువారాయి, ఒకదానిమీదకొకటి ఒరిగిన రెండు హోటళ్లను కూల్చేశారు.

జులై, ఆగస్టు నెలలు మానుకోండి. ఏ నెలలో వెళ్లినా తెల్లవారగానే బండి కదిలించండి. రోడ్డు మూసుకుపోయినా జేసీబీలు పనిచేయడానికి, మీరు వెనక్కి తిరిగి గది వెతుక్కోవడానికి వెలుతురు మిగులుతుంది.